వట్టివేరు: తవ్వితేనే దొరికే తైలం

వట్టివేరు గడ్డిని పైనుంచి చూస్తే ఏ చెరువుగట్టు మీదో పెరిగే మామూలు దుబ్బే. ఆకు నలిపి చూసినా పరిమళం రాదు. ఉన్నదంతా నేల కింద, నిట్టనిలువుగా దిగిపోయే పీచువేళ్లలో ఉంటుంది. అనువైన నేలలో అవి తొలి ఏడాదిలోనే మూడు మీటర్ల లోతుకు వెళ్లగలవు. చలివేంద్రం కుండలో వేసినా, తడికలు అల్లి కిటికీకి కట్టి నీళ్లు చల్లినా, పట్టుచీరల మడతల్లో పెట్టినా మనవాళ్లు వాడుకున్నది ఈ వేళ్లనే.

ఆయుర్వేదం దీన్ని ఉశీరం అంటుంది. జ్వరంలో దాహం తీరడానికి ఇచ్చే షడంగ పానీయంలోని ఆరు దినుసుల్లో ఇదొకటి. కాళిదాసు శాకుంతలం మూడో అంకం మొదట్లో ప్రియంవద ఉశీర లేపనం పట్టుకెళ్తూ ఉంటుంది, శకుంతల ఒళ్లు కాలిపోతోందని. ఎండదెబ్బ అని చెబుతారు. అది దుష్యంతుడి దెబ్బ అని చదివేవాళ్లకు తెలుసు. మొగలుల కాలానికి వస్తే, వట్టివేళ్లతో గదులు కట్టి వాటిమీద నీళ్లు పోసి ఎండాకాలంలో చలి పుట్టించే ఏర్పాటును అక్బరు ఆజ్ఞతో ముడిపెట్టి అబుల్ ఫజల్ ఐనే అక్బరీలో రాశాడు. మన తడికలకు అది రాజదర్బారు రూపం అనుకోవచ్చు.

తైలం సంగతికొస్తే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌కు వెళ్లాలి. అక్కడ దీని పేరు రూహ్ ఖస్. శుభ్రం చేసిన వేళ్లను దేగ్ అనే రాగి కాగులో నీళ్లతో కలిపి ఉడికిస్తారు. మూతి చుట్టూ మట్టి మెత్తుతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి, నీళ్లతొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే పాత్రలోకి చేరి చల్లబడుతుంది. రాగి తగలడం వల్ల ఆ తైలానికి పచ్చటి ఛాయ వస్తుంది. (బజారులో అమ్మే ఖస్ సర్బత్ పచ్చదనానికీ దీనికీ సంబంధం లేదు, అది చాలావరకు కలిపిన రంగే.)

ఈ వేరు బట్టీ దగ్గర ఓపికను పరీక్షిస్తుంది. నిమ్మగడ్డి నుంచి కొన్ని గంటల్లో తైలం రాలుతుంది. వట్టివేరుకు ఒక పగలూ రాత్రీ పట్టడం మామూలే. ఇందులో ఉన్నవి చాలావరకు సెస్క్విటెర్పీన్లు, అంటే పదిహేను కార్బన్ పరమాణువులు పేరుకున్న బరువైన అణువులు. అవి ఆవిరితో పైకి లేవడానికి మొరాయిస్తాయి. దిగుబడి వంద కిలోల ఎండువేళ్లకు కిలో అటూ ఇటూ. అలా దిగిన తైలం పాకంలా చిక్కగా ఉంటుంది, చర్మం మీద గంటల తరబడి నిలుస్తుంది, తనతో కలిసిన తేలికపాటి వాసనల్ని కూడా త్వరగా పోనివ్వదు. అత్తరు పనివాళ్లకూ ఫ్రెంచి పరిమళకారులకూ ఇది కావలసి వచ్చింది అందుకే. 1957లో కార్వెన్, 1959లో గెర్లాన్ సంస్థలు దీని పేరుతోనే మగవాళ్ల సెంట్లు తెచ్చాయి.

మన దేశంలో ఈ గడ్డి రెండు తీరులు. గంగా మైదానంలో అడవి మొక్కగా పెరిగేది విత్తనం కడుతుంది. దక్షిణాదిలో సాగు చేసేది కట్టదు, పిలక తెచ్చి నాటాల్సిందే. ప్రపంచమంతా తిరిగింది ఈ కాళ్లు లేని రెండోదే! జావా, రీయూనియన్, హైతీ, ఫిజీ, ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు చేత్తో పట్టుకుపోవాల్సిందే. 1998లో ప్రచురితమైన డీఎన్ఏ పరిశీలనలో, దక్షిణాసియా బయట నాటిన వట్టివేళ్లలో అత్యధిక భాగం ఒకే మొక్క సంతతి అని తేలింది. న్యూ ఆర్లీన్స్ ఇళ్లలో బట్టల అరల మధ్య పెట్టుకున్న వేళ్ల కట్టలు మన చీరలపెట్టె అలవాటుకు చుట్టరికమే.

ఇక మనసును నెమ్మదింపజేసే గుణం. సీసాల మీద దీన్ని ప్రశాంతతా తైలం అని రాసే ఆనవాయితీ పాశ్చాత్య అరోమాథెరపీది. మన వైద్యం చెప్పింది దాహం, తాపం, చెమట, పిత్తం గురించి. థాయ్‌లాండ్ పరిశోధకులు ఎలుకల చేత ఈ తైలాన్ని పీల్పించి చూస్తే వాటిలో బెదురు తగ్గినట్టు కనిపించింది. మనుషుల మీద గట్టి పరీక్షలు తక్కువ. అయినా నిద్ర పట్టనివాళ్లు దిండు పక్కన దూదికి రెండు చుక్కలు వేసుకోవచ్చు. చర్మానికి రాయాలంటే నువ్వులనూనెలోనో కొబ్బరినూనెలోనో బాగా పలచన చేయాలి. కడుపులోకి మాత్రం వద్దు. వేళ్లు నానిన నీళ్లు వేరు, బట్టీ దిగిన తైలం వేరు.

దీని పరిమళానికి అసలు కారణం ఏమిటన్నది రసాయన శాస్త్రవేత్తలకు చాలాకాలం చిక్కలేదు. తైలంలో నూరుకు పైగా పదార్థాలున్నాయి. ఎక్కువ పాళ్లలో ఉన్న ఖుసిమోల్ కాదు, అతి స్వల్పంగా ఉన్న ఒక కీటోన్ ఆ వాసనకు మూలమని జర్మన్ శాస్త్రవేత్త బెంజమిన్ లిస్ట్ బృందం 2021లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి మరీ చూపించింది. అదే ఏడాది లిస్ట్‌కు నోబెల్ వచ్చింది, అయితే వేరే పనికి.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఈ గడ్డికున్న రెండో ఉద్యోగం. ఫిజీలో 1950ల్లో జాన్ గ్రీన్‌ఫీల్డ్ అనే ఆయన చెరకుతోటల వాలుల్లో మట్టి కొట్టుకుపోకుండా దీన్ని వరసలుగా నాటించాడు. 1980ల్లో ఆయన ప్రపంచ బ్యాంకు తరఫున మన దేశానికి వచ్చేసరికి, మైసూరు దగ్గర గుండ్లుపేట రైతులు తరతరాలుగా పొలం గట్ల మీద అదే పని చేస్తూ ఉన్నారు. వాళ్లకు ఏ బ్యాంకూ చెప్పలేదు.

గట్టు మీద వేరు ఎంత లోతుకు దిగితే మట్టికి అంత మేలు. తైలం కావాలంటే ఆ వేరునే పెళ్లగించాలి. నేడు ప్రపంచానికి అత్యధికంగా వట్టివేరు తైలం పంపే హైతీలో ఈ ఇబ్బంది కొండవాలుల మీద కనిపిస్తుంది. అక్కడ లె కే పట్టణం చుట్టుపక్కల చిన్న రైతులకు ఈ వేళ్లే రొక్కం. చేతిలో డబ్బు ఆడనప్పుడు ఏడాదైనా నిండని లేతవేళ్లను తవ్వేస్తారు. తైలం తక్కువ దిగుతుంది, నాణ్యతా తగ్గుతుంది, ధర పడుతుంది. తవ్విన చోట పిలకలు తిరిగి నాటినా అవి నిలదొక్కుకునేలోపు పెద్దవాన కురిస్తే పైమట్టి కిందికి జారుతుంది. వాలుకు అడ్డంగా కొన్ని వరసలను ఎన్నడూ తవ్వకుండా వదిలేస్తే మట్టి నిలుస్తుంది. ఆ వరసల్లో ఉండిపోయే వేళ్ల ఖరీదు మాత్రం ఇప్పటికి రైతు లెక్కలోనే పడుతోంది, సెంటు సీసా ధరలో కాదు.