కస్టడీ మరణాలపై ఉత్తర తెలంగాణ పౌరహక్కుల ఉద్యమం

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో పోలీసుల నిర్బంధములో సంభవించిన మరణాలపై విచారణ జరిపించాలని, బాధ్యులపై కేసులు నమోదు చేయాలని కోరుతూ 1970వ దశకము నుండి జరిగిన ఉద్యమమును ఉత్తర తెలంగాణ పౌరహక్కుల ఉద్యమములో ముఖ్యమైన భాగముగా పరిగణిస్తారు. ఇందులో మృతుల కుటుంబ సభ్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు, వైద్యులు, కవులు పాల్గొన్నారు. ఠాణాలలో జరిగిన లాకప్ మరణాలతో పాటు, ముందుగా పట్టుకొని తరువాత కాల్చి చంపారని ఆరోపణలు వచ్చిన "ఎన్‌కౌంటర్" మరణాలు కూడా ఈ ఉద్యమ పరిధిలోనివే. 2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణతో ఈ రెండు జిల్లాల ప్రాంతము పలు కొత్త జిల్లాలలోకి చేరినది.

నేపథ్యము

ఆదిలాబాదు జిల్లాకు చెందిన రైతుకూలీ కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న, అత్యవసర పరిస్థితి కాలములో, ముషీరాబాదు జైలులో ఉరితీశారు. వారి ఉరిశిక్ష రద్దు చేయాలని దేశవ్యాప్తముగా ఆందోళన జరిగినది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల భారీ ప్రదర్శన (జగిత్యాల జైత్రయాత్ర) జరిగిన తరువాత, ప్రభుత్వము అదే సంవత్సరము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండు గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఈ కాల్పులలో 13 మంది చనిపోయినట్లు ప్రభుత్వము ప్రకటించగా, మృతుల సంఖ్య అంతకు చాలా ఎక్కువని హక్కుల సంఘాలు పేర్కొన్నాయి.

పౌరహక్కుల సంఘము

1970వ దశకము మొదటి భాగములో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము ఈ మరణాలపై పనిచేసిన ప్రధాన సంస్థ. న్యాయవాది కె.జి. కన్నబిరాన్ 1978 నుండి 1994 వరకు దీనికి అధ్యక్షుడిగా ఉన్నాడు. కాకతీయ విశ్వవిద్యాలయములో గణితము బోధించిన కె. బాలగోపాల్ 1983లో ప్రధాన కార్యదర్శి అయ్యాడు. ఈయన 1998లో మానవ హక్కుల వేదిక స్థాపనలో ముఖ్యపాత్ర వహించాడు.

మరణ వార్త తెలియగానే నిజనిర్ధారణ బృందము గ్రామానికి వెళ్ళడము ఈ సంఘాల పనివిధానములో మొదటి మెట్టు. మృతుడిని ఎవరు, ఎక్కడ, ఏ రోజున పట్టుకున్నారో కుటుంబ సభ్యులను, ఇరుగుపొరుగు వారిని అడిగి నమోదు చేసేవారు. శవముపై గాయాలను, శవపరీక్ష జరిగిన తీరును పరిశీలించి, పోలీసుల కథనముతో పోల్చి, నివేదికను పత్రికలకు ఇచ్చేవారు. అవసరమైనచోట హైకోర్టులో రిట్ పిటిషన్లు వేసేవారు. అయితే ఎన్‌కౌంటరు జరిగినప్పుడు పోలీసులు తమపై హత్యాయత్నము జరిగినదని మృతులపైనే కేసు పెట్టడము, విచారణను ఆర్.డి.ఓ. స్థాయి అధికారికి అప్పగించడము సాధారణముగా ఉండేది. ఈ పద్ధతి మారాలన్నదే ఉద్యమపు ప్రధాన కోరిక.

కార్యకర్తల హత్యలు

పౌరహక్కుల సంఘ నాయకులు పలువురు ఈ కాలములో హత్యకు గురయ్యారు. న్యాయవాది గోపి రాజన్న 1985లో జగిత్యాలలో, పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథం 1985 సెప్టెంబరు 3న వరంగల్లులో, జాపా లక్ష్మారెడ్డి 1986లో కరీంనగర్ జిల్లాలో, న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డి 1991లో వరంగల్లులో చంపబడ్డారు.

శవాల కోసము

మృతదేహాలను కుటుంబాలకు అప్పగించకుండానే దహనము చేస్తున్నారన్న ఫిర్యాదులతో 1990వ దశకములో శవాల స్వాధీనము కొరకు ప్రత్యేక ఉద్యమము నడిచినది. గాయకుడు గద్దర్ ఇందులో ముఖ్యుడు. 1997 ఏప్రిల్ 6న ఆయనపై కాల్పులు జరిగాయి. 1999 డిసెంబరు 2న కరీంనగర్ జిల్లా కొయ్యూరు అడవిలో ముగ్గురు పీపుల్స్‌వార్ అగ్రనాయకులు ఎదురుకాల్పులలో మరణించారని పోలీసులు ప్రకటించగా, వారిని బెంగుళూరులో పట్టుకొని తెచ్చి చంపారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. 2002 జూలై 18న మృతుల తల్లిదండ్రులు, భార్యలు, తోబుట్టువులు కలిసి అమరుల బంధుమిత్రుల సంఘముగా ఏర్పడ్డారు.

ఆజాద్ కేసు

2010 జూలై 1-2 తేదీల మధ్య రాత్రి ఆదిలాబాదు జిల్లా వాంకిడి మండలములో మావోయిస్టు నాయకుడు చెరుకూరి రాజ్‌కుమార్ (ఆజాద్), పాత్రికేయుడు హేమచంద్ర పాండే మరణించారు. పాండే భార్య, స్వామి అగ్నివేశ్ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2011 జనవరిలో విచారణ సందర్భముగా, గణతంత్ర రాజ్యము తన బిడ్డలనే చంపుకోవడాన్ని అనుమతించలేమని ధర్మాసనము వ్యాఖ్యానించినది. అదే సంవత్సరము సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించినది. అది నిజమైన ఎదురుకాల్పుల ఘటనేనని సి.బి.ఐ. నివేదించగా, పిటిషనర్లు అంగీకరించలేదు.

మంథని కేసు

2020 మేలో మంథని పోలీసుస్టేషనులో ఒక దళితుడు మరణించాడు. అది ఆత్మహత్య అని పోలీసులు తెలిపారు. దీనిపై న్యాయవాది పి.వి. నాగమణి రాసిన లేఖను తెలంగాణ హైకోర్టు ప్రజాప్రయోజన వ్యాజ్యముగా స్వీకరించి, హైదరాబాదు పోలీసు కమిషనరును విచారణకు నియమించినది. 2021 ఫిబ్రవరి 17న నాగమణిని, ఆమె భర్త, న్యాయవాది గట్టు వామన్‌రావును రామగిరి మండలము కల్వచర్ల వద్ద నడిరోడ్డుపై నరికి చంపారు. గుంజపడుగు గ్రామ వివాదాలే హత్యకు కారణమని పోలీసులు పేర్కొన్నారు. ఈ హత్యలకు నిరసనగా రాష్ట్రవ్యాప్తముగా న్యాయవాదులు విధులను బహిష్కరించారు. వామన్‌రావు తండ్రి పిటిషనుపై 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది.

చట్టపరమైన ఫలితాలు

* కస్టడీ మరణాలను 24 గంటలలోగా తనకు తెలియజేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 డిసెంబరులో ఆదేశించినది.
* డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 18న అరెస్టు సమయములో పాటించవలసిన 11 నియమాలను విధించినది.
* ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లపై పౌరహక్కుల సంఘము చేసిన ఫిర్యాదు ఆధారముగా, మానవ హక్కుల కమిషన్ 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపినది.
* 2006 జూన్ నుండి కస్టడీ మరణాలపై జుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి అయినది.
* ప్రతి ఎన్‌కౌంటరు మరణముపైనా పోలీసులపై కేసు నమోదు చేయాలని 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు ఇచ్చినది. మార్చిలో సుప్రీంకోర్టు దీనిపై స్టే ఇచ్చినది.
* 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఎన్‌కౌంటరు మరణాల దర్యాప్తుకు 16 మార్గదర్శకాలు ఇచ్చినది.

ఇవి కూడా చూడండి

* కె. బాలగోపాల్
* కె.జి. కన్నబిరాన్
* ఇంద్రవెల్లి
* జగిత్యాల జైత్రయాత్ర