మన్యం కాఫీ

తూర్పు కనుమల్లో గిరిజన రైతులు నీడచెట్ల కింద పండించే కాఫీని మన్యం కాఫీ అంటారు. లోకానికి ఇది అరకు పేరుతో తెలుసు గానీ, తెలుగునేల మీద దీని పుట్టుక అరకులో కాదు. 1898లో ఒక బ్రిటిష్ అధికారి మారేడుమిల్లి దగ్గరి పాములేరు లోయలో తొలి మొక్కలు నాటించాడని చెబుతారు. ఒకప్పటి ఖమ్మం జిల్లా మండలమైన చింతూరు నుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే ఊరే మారేడుమిల్లి. 1920ల్లో పంట అనంతగిరి, చింతపల్లి, అరకు కొండలకు పాకింది. భద్రాచలం వైపు మాత్రం దిగలేదు. అరబికాకు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, చల్లదనం కావాలి. గోదావరి ఒడ్డున ఆ రెండూ లేవు. అక్కడి గిరిజనులకు వేసవిలో నాలుగు రూపాయలు తెచ్చేది తునికాకే.

1960ల్లో అటవీశాఖ తోటలు వేసింది. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థకు వెళ్లాయి. వాటిలో గిరిజనులు కూలీలే. తర్వాత పోడు వ్యవసాయం మాన్పించడానికి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు కుటుంబాలకే మొక్కలు ఇవ్వడంతో కూలీ రైతయ్యాడు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో వచ్చిన 1/70 చట్టం కాఫీ కోసం చేసింది కాదు. అయినా మన్యం కాఫీకి ఏ పథకమూ చేయనంత మేలు అదే చేసింది: కర్ణాటకలోని కొడగు, చిక్కమగళూరుల్లోలాంటి పెద్ద ఎస్టేట్లు ఇక్కడ లేచి నిలవలేదు.

ధర మాత్రం ఏనాడూ కొండమీద తేలలేదు. 1942 చట్టం ప్రకారం పండించినదంతా కాఫీ బోర్డుకే అప్పగించాల్సి వచ్చేది. డబ్బు విడతలుగా వచ్చేది. అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ధరను నిలబెట్టిన ఎగుమతి కోటాలు 1989 జూలైలో రద్దయ్యాయి, ప్రపంచ ధర నెలల్లోనే కుప్పకూలింది. 1990ల్లో భారత ప్రభుత్వం బోర్డు గుత్తాధిపత్యాన్ని దశలవారీగా తొలగించింది. కర్ణాటక తోటల యజమానులు కోరుకున్నదీ అదే. లారీ, గోదాము, బ్యాంకు ఖాతా లేని మన్యం రైతుకు మాత్రం ఆ స్వేచ్ఛ సంతలో దళారి రూపంలో ఎదురైంది. ముందే అప్పిచ్చి, ఎండబెట్టిన కాఫీ పండును (చెర్రీని) తన తూకంతో, తన ధరకు కొనేవాడు అతను. అంతలో వియత్నాం రోబస్టా మార్కెట్‌ను ముంచెత్తడంతో 2001 నాటికి ధరలు దశాబ్దాల కనిష్ఠానికి పడ్డాయి.

ఇక్కడ అసలు తేడా తెచ్చేది పల్పింగ్. పండు తొక్క తీసి, కడిగి, ఆరబెట్టిన పార్చ్‌మెంట్‌కు చెర్రీ కంటే మంచి ధర పలుకుతుంది. అందుకు నీళ్లు, యంత్రం, కోసిన రోజే పని ముగించే మనుషులు కావాలి. ఒక్క కుటుంబానికి సాధ్యం కాని ఆ పని సహకార సంఘాలకు సాధ్యమైంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోళ్లు చేపట్టింది. నాంది ఫౌండేషన్ చేయూతతో రైతుల సంఘం ఎగుమతులకు దిగింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరుచుకుంది, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరు వచ్చినంత వేగంగా తూకం మారిందని చెప్పలేం.

2025 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అరబికా పౌను నాలుగు డాలర్లు దాటింది. అలాంటి ధర అందేది సరుకు దాచుకోగలిగిన వాడికే. అప్పు తీర్చాల్సిన వాడు కోత కాగానే అమ్మేస్తాడు. అదే ఏడాది అరకు ప్రాంతపు తోటల్లో కాఫీ కాయ తొలుచు పురుగు కనిపించింది.