ఏనుగు అడుగున ఒక పేరు

పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఏనుగుపై ఆసీనుడైన రాజు ప్రతిమ ఒకటి ఉంది. ఏనుగు దంతంతో చెక్కినది. ఎత్తు సుమారు 15 సెంటీమీటర్లు. చదరంగపు రాజుగా ప్రసిద్ధి పొందింది. ఖలీఫా హారూన్ రషీద్ దీనిని షార్లమేన్ చక్రవర్తికి కానుకగా పంపాడని పూర్వం చెప్పుకొనేవారు. కాని షార్లమేన్ 814లోనే మరణించాడు. పశ్చిమ ఐరోపాలో చదరంగం ప్రస్తావన 10వ శతాబ్దం చివర గాని కనిపించదు.

ప్రతిమ అడుగున కూఫీ లిపిలో ‘యూసుఫ్ అల్ బాహిలీ చేసినది’ అనే అరబ్బీ వాక్యం ఉంది. బాహిలా ఒక అరబ్బు తెగ. శిల్పరీతి మాత్రం భారతీయం. పేరును బట్టి గాని, దంతాన్ని బట్టి గాని జన్మస్థలాన్ని నిర్ణయించరాదు. అందుకే కొందరు పరిశోధకులు ఈ రెండు సంప్రదాయాలూ కలిసిన సింధును సూచించారు. రాజుల పేర్లతో ఇంతకాలం చెలామణి అయిన ఈ వస్తువుపై పనివాని పేరు మొదటినుండీ ఉంది.