అలిగిన ఆటగానికి వెల

పక్షమునకు పదునొకండుగురు చొప్పున నిలిచి, రెండు కొనలు మొనతేలిన తోలుబంతిని చేతబట్టుకొని, నూరు గజముల మైదానమున ప్రత్యర్థి గడ్డను కొంచెము కొంచెముగా ఆక్రమించుకొనుచు సాగు అమెరికా ఫుట్‌బాల్ క్రీడలో, ఎత్తుగడ ఏదైనను బంతి మొదట చేరునది సాధారణముగా క్వార్టర్‌బ్యాక్ చేతికే. దానిని దూరమునకు విసరుటయో, ప్రక్కవాని కందించుటయో, తానే పట్టుకొని పరుగెత్తుటయో రెండు మూడు క్షణములలో నిశ్చయింపవలసిన భారమును అతనిదే. అట్టివాడు తన జట్టుపై అలిగి, ఇక నిచట నుండనని భీష్మించినపుడు, అతని నెవరి కీయవలెను, ఏ మూల్యమున కీయవలెను అను ప్రశ్న ఆ దేశపు క్రీడాలోకమున ఎన్నో దశాబ్దములుగా మరల మరల తలయెత్తుచునే యున్నది. మన పెండ్లిండ్లలో అల్లుడు అలకపాన్పు నెక్కినపుడు అలుకను భరించువాడును, కానుక చెల్లించువాడును ఒక్క మామగారే. ఈ వ్యవహారమున మాత్రము అలుకను భరించున దొక యిల్లు, కానుక చెల్లించునది వేరొక యిల్లు. ఆ రెండిండ్ల స్థితిగతులను బట్టియే బేరము పండినదో ఎండినదో తేలినదని చరిత్ర చూపుచున్నది.

ఈ బేరములలో నాణెముగా చెల్లునది చాలవరకు డ్రాఫ్టు హక్కు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ ప్రతిపాదన మేరకు 1936లో ఆరంభమైన ఈ పద్ధతి ననుసరించి, కళాశాలల నుండి వెలువడు యువకులను జట్లు పలు విడతలుగా, వంతుల ప్రకారము ఎంచుకొనును. గడచిన యేట అట్టడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు. ఆ వంతుల నిచ్చిపుచ్చుకొనవచ్చును గనుక, రాబోవు సంవత్సరముల వంతులు సహితము ఈనాటి బేరమునకు పనికివచ్చును. ఆటగానికో, స్వేచ్ఛ బహు స్వల్పముగా నుండెడిది. ఒప్పందపు గడువు తీరిన పిదప వేరొక జట్టు అతనిని చేర్చుకొన్నను, పాత జట్టుకు చెల్లవలసిన పరిహారమును లీగు కమిషనరే విధించునను 1963 నాటి నిబంధన, నాటి కమిషనర్ పీట్ రొజెల్ పేర రొజెల్ నియమమని ప్రసిద్ధికెక్కి, 1976లో న్యాయస్థానము త్రోసిపుచ్చు వరకును అతని కాళ్ళకు సంకెలయై నిలిచెను. పోదలచినవానికి మిగిలిన ఆయుధ మొక్కటే: ఆడనని చెప్పుట.

ఆ ఆయుధమును ఫ్రాన్ టార్కెన్‌టన్ ప్రయోగించిన తీరు నేటికిని మననము చేయదగినది. 1961లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టు రంగప్రవేశము చేసిననాడే దానిలో చేరి, తొలి పోటీలోనే షికాగో బేర్స్‌ను 37-13తో ఓడించిన ఇతనికి, చుట్టునున్న రక్షణ చెదరినపుడు బంతితో అటునిటు పరుగిడి ప్రత్యర్థుల నలయించుట సహజవిద్య. శిక్షకుడు నార్మ్ వాన్ బ్రాక్లిన్, తాను పూర్వము నిలిచినచోటు కదలక బంతి విసరి కీర్తి గడించినవాడు గావున, ఆ పరుగులను సహింపలేకపోయెను. ఘర్షణ ముదిరి, 1967 ఫిబ్రవరిలో టార్కెన్‌టన్ ఇక తిరిగి రానని లేఖ వ్రాసెను. ఆ మాసముననే శిక్షకుడును పదవి వదలెను. కలహమునకు మూలమైనవాడే వెడలిపోయినను బేరము ఆగలేదు. మార్చిలో న్యూయార్క్ జయింట్స్ రెండు మొదటి విడత వంతులును, రెండు రెండవ విడత వంతులును ఇచ్చి అతనిని కొనుక్కొనిరి.

ఆ వంతులతో వైకింగ్స్ సంపాదించినవారిలో, 1968 డ్రాఫ్టులో మొట్టమొదట ఎంచబడిన రాన్ యారీ కాలక్రమమున కీర్తిమందిరమున స్థానము పొందెను. ఎడ్ వైట్ ముందువరుసకు ఆనిక యయ్యెను. కెనడా నుండి వచ్చిన జో కాప్ సారథిగా 1970 జనవరిలో ఆ జట్టు సూపర్ బౌల్ అను తుదిపోటీ వరకు చేరెను. జయింట్సో, టార్కెన్‌టన్ తమతోనున్న ఐదేండ్లలో ఒక్కమారైనను ప్లేఆఫ్ అను చివరిదశ పోటీలకు అర్హత పొందజాలరైరి. అచటను అలుక పుట్టగా, 1972లో అతడు మరల మిన్నెసోటాకే వచ్చెను. అతనికి బదులుగా న్యూయార్కునకు పంపబడినవారిలో బాబ్ గ్రిమ్ ఒకడు. ఐదేండ్ల క్రిందట టార్కెన్‌టన్‌ను ఇచ్చి సంపాదించిన వంతుతో వైకింగ్స్ ఎంచుకొన్నవాడే ఈ గ్రిమ్. తిరిగి వచ్చిన సారథి జట్టును మూడుమార్లు సూపర్ బౌల్‌కు గొనిపోయెను, మూడుమార్లును ఓటమియే కలిగినను. ఇచ్చినపుడును, తిరిగి పుచ్చుకొన్నపుడును మిన్నెసోటాయే లాభపడెననుటకు సందేహము లేదు.

ఇందుకు పూర్తిగ విరుద్ధమైనది బాల్టిమోర్ కథ. 1982లో ఒక్క పోటీయు గెలువలేకపోయిన కోల్ట్స్ జట్టునకు, మరుసటి డ్రాఫ్టులో మొదటి వంతు దక్కెను. జనరల్ మేనేజర్ ఎర్నీ అకార్సీ దానితో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు జాన్ ఎల్వేను ఎంచెను. ఎల్వే ఆ జట్టులో ఆడనని ముందే తెలిపియుండెను. అతని చేత మరియొక పనిముట్టు గలదు: న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ సంస్థ పక్షమున 1982 వేసవిలో ఒనియాంటాలో ఆడియుండుటచే, ఫుట్‌బాల్ లేకున్నను అతనికి జీవనోపాధి కొరవడదు. అకార్సీ ఓపికపట్టదలచెను. యజమాని రాబర్ట్ ఇర్సే పట్టలేకపోయెను. డ్రాఫ్టు ముగిసిన వారము తిరుగకముందే, 1983 మే 2న, అకార్సీని సంప్రదింపకయే ఎల్వేను డెన్వర్ బ్రాంకోస్‌కు ఇచ్చివేసెను. బదులుగా వచ్చినవారు క్రిస్ హింటన్ అను ముందువరుస యోధుడు, మార్క్ హెర్మన్ అను రెండవ శ్రేణి క్వార్టర్‌బ్యాక్. వీరికి తోడు 1984 నాటి మొదటి విడత వంతు. హింటన్ ఘనుడే, ఏడుమార్లు ప్రో బౌల్ అను మేటి ఆటగాండ్ర పోటీకి ఎన్నికైనవాడు. కాని సారథి స్థానము మాత్రము శూన్యముగనే మిగిలెను. మరుసటి యేడు మార్చిలో ఒక రాత్రివేళ సామానంతయు లారీల కెక్కించుకొని కోల్ట్స్ ఇండియానాపొలిస్‌కు తరలిపోయిరి. ఎల్వే డెన్వరును ఐదుమార్లు సూపర్ బౌల్‌కు చేర్చి, రెండుమార్లు గెలిపించెను.

అకార్సీ ఆ పాఠమును మరువలేదు. ఇరువదియొక్క సంవత్సరముల పిదప, 2004లో, న్యూయార్క్ జయింట్స్ వ్యవహర్తగా అతడే కొనుగోలుదారుల వైపున కూర్చుండెను. శాన్ డియాగో ఛార్జర్స్‌కు ఆడుట ఇష్టములేని ఈలై మానింగ్‌ను ఆ జట్టు మేనేజర్ ఏ.జే. స్మిత్ మొదటి వంతున ఎంచియే, ఆవేశపడక బేరము నడపెను. జయింట్స్ నాలుగవ వంతున ఎంచిన ఫిలిప్ రివర్స్‌ను పుచ్చుకొని, దానిపై మరి మూడు వంతులును రాబట్టెను. మానింగ్ న్యూయార్కునకు రెండు సూపర్ బౌల్‌లు సంపాదింపగా, రివర్స్ పదునాలుగేండ్లపాటు ఛార్జర్స్‌కు సారథ్యము వహించెను. 2011లో సిన్సినాటి బెంగాల్స్ యజమాని మైక్ బ్రౌన్ మరింత మొండివాడు. అలిగిన కార్సన్ పామర్ ఇంటనే కూర్చుండగా లొంగక, యువకుడగు ఆండీ డాల్టన్ చేత ఆట నడపించెను. అక్టోబరులో ఓక్లాండ్ రైడర్స్ సారథికి ఎముక విరిగి అవసరము ముంచుకొని రాగా, మొదటి విడత వంతొకటియు, రెండవ విడత వంతొకటియు పుచ్చుకొనియే పామర్‌ను వదలెను.

ఈలోగా తూనికరాళ్ళును మారినవి. 1990 ప్రాంతమున డాలస్ కౌబాయ్స్ శిక్షకుడు జిమ్మీ జాన్సన్ కొలువులో ఒక పట్టిక తయారయ్యెను: మొదటి వంతునకు 3000 పాయింట్లు, రెండవదానికి 2600, పదవదానికి 1300. ఇరువైపుల పాయింట్లు కూడి సరిచూచుకొను ఈ పద్ధతి ఇతర జట్లకును ప్రాకెను. 1993లో ఆటగాండ్రకు ఫ్రీ ఏజెన్సీ, అనగా ఒప్పందము తీరిన పిదప కోరిన జట్టునకు పోవు స్వేచ్ఛ, లభించెను. 1994లో జట్టు మొత్తపు జీతములపై 3 కోట్ల 46 లక్షల డాలర్ల పరిమితి యేర్పడెను. ముందుగా చెల్లించిన బోనసును పలు సంవత్సరములపై పరచి లెక్కవ్రాయుదురు గనుక, వెడలిపోయినవాని బాకీ పాత జట్టు పద్దున నిలిచిపోవును. దానినే డెడ్ మనీ అందురు. పాయింట్ల పట్టిక వంతుల విలువను చెప్పగలదు గాని, ఈ బాకీని గూర్చిగాని, వెనుక నిలిచిన వారసుని గూర్చిగాని చెప్పజాలదు.

ఇటీవలి రెండు బేరములు ఈ లోపమును బయటపెట్టినవి. 2021లో డెట్రాయిట్ లయన్స్ తమ సారథి మాథ్యూ స్టాఫర్డ్ కోరిక మన్నించి, జారెడ్ గాఫ్‌ను, రెండు మొదటి విడత వంతులను, ఒక మూడవ విడత వంతును పుచ్చుకొని అతనిని లాస్ ఏంజలెస్ రామ్స్‌కు పంపిరి. ఆరన్ డొనాల్డ్, కూపర్ కప్ వంటివారు అప్పటికే కలిగిన రామ్స్, ఆ క్రీడాసంవత్సరముననే సూపర్ బౌల్ గెలిచిరి. డెట్రాయిట్ సైతము నష్టపోలేదు. 2024 జనవరిలో స్టాఫర్డ్ జట్టునే 24-23తో ఓడించి, ముప్పదిరెండేండ్లకు తొలి ప్లేఆఫ్ విజయమును గాఫ్ సమకూర్చెను. 2022లో డెన్వర్, సియాటిల్ నుండి రస్సెల్ విల్సన్‌ను తెచ్చుటకు రెండేసి మొదటి, రెండవ విడత వంతులును, ఒక ఐదవ విడత వంతును, మువ్వురు ఆటగాండ్రను ఇచ్చెను. ఆ యేట డెన్వర్ పదునేడు పోటీలలో ఐదింటనే గెలువగా, జీనో స్మిత్ సారథిగా సియాటిల్ ప్లేఆఫ్‌కు చేరెను. రెండేండ్లకే విల్సన్‌ను వదలుకొనిన డెన్వరునకు మిగిలిన డెడ్ మనీ దాదాపు 8 కోట్ల 50 లక్షల డాలర్లు.

కావున తారాసారథి అలిగెనను వార్త పుట్టినంతనే వంతులు లెక్కించుట తొందరపాటే యగును. అమ్మజూపువాడు, వారసుడు సిద్ధముగా నున్నచో సిన్సినాటివలె నిబ్బరముగా బేరమాడగలడు. లేనిచో ఇర్సేవలె తన కోపమునకు తానే సుంకము చెల్లించును. కొనువాడు, తన జట్టులో తక్కినవన్నియు అమరి సారథి యొక్కడే కొరవడెనేని రామ్స్‌వలె ఎంత యిచ్చినను చెల్లును. మిగిలిన సైన్యమే లేనివాడు వంతులన్నియు ధారవోసి సారథిని తెచ్చుకొన్నచో, ఆ సైన్యమును కూర్చుకొను సాధనమునే పోగొట్టుకొన్నవాడగును. పందొమ్మిదివందల అరువదులలో జయింట్స్ చేసిన తప్పిదమునే అరువదేండ్లు తిరుగకముందే డెన్వర్ మరల చేసినది; నడుమ పట్టికలు పుట్టినవి, చట్టములు మారినవి, ఆ తప్పిదము మాత్రము మారలేదు.