బ్యాలట్ లేదా బుల్లెట్ (ప్రసంగము)

బ్యాలట్ లేదా బుల్లెట్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమ కాలంలో మాల్కం ఎక్స్ చేసిన ప్రసిద్ధ ప్రసంగము. బ్యాలట్ అనగా ఓటు పత్రము, బుల్లెట్ అనగా తుపాకి గుండు. మాల్కం ఎక్స్ ఈ ప్రసంగాన్ని 1964 ఏప్రిల్ 3న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో కోరీ మెథడిస్టు చర్చిలో చేశాడు. కొన్ని మార్పులతో ఏప్రిల్ 12న మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ నగరంలో కింగ్ సాలమన్ బాప్టిస్టు చర్చిలో మరల చేశాడు. హింసను ప్రబోధించిన ప్రసంగముగా దీనికి పేరు వచ్చినప్పటికీ, ఇందులో అధిక భాగము ఓటు విలువను గురించినదే. 1999లో 137 మంది వక్తృత్వ పరిశోధకుల అభిప్రాయాల ఆధారంగా రూపొందిన 20వ శతాబ్దపు అమెరికా ఉత్తమ ప్రసంగాల జాబితాలో దీనికి 7వ స్థానము లభించినది.

నేపథ్యము

అమెరికా రాజ్యాంగానికి 1870లో చేసిన 15వ సవరణ జాతి కారణంగా ఓటు హక్కును నిరాకరించరాదని శాసించినది. అయినను దక్షిణాది రాష్ట్రాలు అక్షరాస్యతా పరీక్షలు, ఓటు పన్ను, బెదిరింపుల ద్వారా నల్లజాతివారిని ఓటర్ల జాబితాలకు దూరంగా ఉంచాయి. మిసిసిపీ రాష్ట్రంలో ఓటు వయసు వచ్చిన నల్లజాతివారిలో నమోదైనవారు 7 శాతానికి మించలేదు.

1964 ఫిబ్రవరి 10న పౌరహక్కుల బిల్లును ప్రతినిధుల సభ ఆమోదించినది. మార్చి 30న సెనేటులో దానిపై చర్చ ఆరంభము కాగా, దక్షిణాది సభ్యులు అంతులేని ఉపన్యాసాలతో ఓటింగు జరుగకుండా అడ్డుకోసాగారు. క్లీవ్‌లాండ్ సభ జరిగినది సరిగ్గా ఆ వారంలోనే. అది అధ్యక్ష ఎన్నికల సంవత్సరము కూడా.

మాల్కం ఎక్స్ (1925-1965) అప్పటికి కొద్ది రోజుల క్రితమే, మార్చి 8న, నేషన్ ఆఫ్ ఇస్లాం సంస్థ నుండి వైదొలగినట్లు ప్రకటించాడు. ఆ సంస్థ తన సభ్యులను రాజకీయాలకు దూరంగా ఉంచేది. కనుక ఓటును గురించి స్వేచ్ఛగా మాట్లాడే అవకాశము ఆయనకు అప్పుడే కలిగినది. క్లీవ్‌లాండ్ సభను జాతి సమానత్వము కోసం పనిచేసే 'కోర్' అనే సంస్థ స్థానిక శాఖ ఏర్పాటు చేసినది. పాత్రికేయుడు లూయీ లోమాక్స్ మరొక వక్త.

ప్రసంగ సారాంశము

మతభేదాలను ఇంటివద్దనే ఉంచి రావాలన్నది వక్త మొదటి సూచన. తాను ముస్లిమునని చెబుతూనే, మార్టిన్ లూథర్ కింగ్, ఆడం క్లేటన్ పావెల్ క్రైస్తవ బోధకులై ఉండి కూడా హక్కుల కొరకు పోరాడుతున్నారని గుర్తుచేస్తాడు. తరువాత కాంగ్రెసులో పార్టీల బలాబలాలను లెక్క చెబుతాడు. ప్రతినిధుల సభలో డెమొక్రాట్లు 257 మంది, రిపబ్లికన్లు 177 మంది. సెనేటులో డెమొక్రాట్లు 67 మంది, రిపబ్లికన్లు 33 మంది. ఇంత ఆధిక్యత గల పార్టీ బిల్లును గట్టెక్కించలేకపోవడానికి కారణము అదే పార్టీలోని దక్షిణాది వర్గమని, ఆ పార్టీకి ఓటు వేసిన నల్లజాతివారే మోసపోతున్నారని ఆయన వాదము.

నల్లజాతివారు తమ ప్రాంతాల రాజకీయాలను, వ్యాపారాలను తామే నిర్వహించుకోవాలని, తమ సాంఘిక జీవనాన్ని తామే సంస్కరించుకోవాలని చెబుతూ, దీనిని నల్లజాతి జాతీయవాదమని పేర్కొంటాడు. పౌరహక్కుల సమస్యను మానవహక్కుల సమస్యగా మార్చి ఐక్యరాజ్య సమితి ముందు ఉంచాలని కోరుతాడు. ప్రభుత్వము రక్షణ కల్పించని చోట చట్టబద్ధంగా తుపాకి ఉంచుకొని ఆత్మరక్షణ చేసుకోవచ్చునని, అయితే దళాలు కట్టి తెల్లవారిని వెదుకుతూ వెళ్ళమని తన భావము కాదని వివరిస్తాడు.

వక్తృత్వ విశేషాలు

సంబోధన: సభికులను సోదర సోదరీమణులతో పాటు మిత్రులు, శత్రువులు అని కూడా సంబోధించడము ఇందులో ప్రసిద్ధమైనది. ఈ పలకరింపు సభలో నవ్వు పుట్టించడమే కాక, వక్త మాట మందిరము వెలుపలి వారికి కూడా ఉద్దేశించినదని మొదటనే తెలియజేస్తుంది.

అనుప్రాస, ఆవృత్తి: బ్యాలట్, బుల్లెట్ అను రెండు పదాలు ఆంగ్లంలో ఒకే హల్లుతో మొదలై ఒకే హల్లుతో ముగుస్తాయి. ధ్వనిలో ఇంత దగ్గరి పదాలు అర్థంలో ఎంతో దూరమైనవి. ప్రతి వాదము చివర ఈ జంట పదాలు పల్లవి వలె తిరిగి వస్తాయి.

దృష్టాంతాలు: ఖాళీ పళ్ళెము ముందు కూర్చున్నంత మాత్రాన ఎవడూ భోక్త కాడని, అట్లే అమెరికాలో పుట్టినంత మాత్రాన నల్లవాడు అమెరికను కాలేదని వక్త చెబుతాడు. తనను రెండు కోట్ల ఇరవై లక్షల మంది బాధితులలో ఒకనిగా పేర్కొంటాడు. ఏడు నెలల క్రితం వాషింగ్టన్‌లో కింగ్ వర్ణించిన కలకు ప్రతిగా, తనకు కనిపించేది పీడకల అంటాడు.

వికల్పము: ఈ ప్రసంగానికి ప్రాణము 'లేదా' అను పదము. సమాన బలము గల రెండు విరుద్ధ విషయాలలో ఒకటి తప్పదని చెప్పడాన్ని భారతీయ అలంకారశాస్త్రము వికల్పాలంకారము అంటుంది. శత్రురాజులు తలలైనా వంచాలి, విల్లులైనా వంచాలి అన్న భావము దీనికి పేరొందిన ఉదాహరణ. ఎంపిక భారము వినేవారిదే. మాల్కం ఎక్స్ వికల్పము ఒకేసారి ఇద్దరితో మాట్లాడుతుంది. నల్లజాతి ఓటరుకు అది కర్తవ్యము: ఓటును తెలివిగా వాడమని. ప్రభుత్వానికి అది హెచ్చరిక: ఓటు దారి మూస్తే మిగిలేది రెండవ దారియే అని. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో పాట్రిక్ హెన్రీ స్వేచ్ఛనో మరణాన్నో కోరిన తీరును వక్త గుర్తుచేస్తాడు. దేశము గౌరవించే వీరుని నోట మెచ్చుకున్న వాక్యరీతిని నల్లవాని నోట నేరమనలేరు గదా!

మరొకచోట ఆయన ఓటును తూటాతోనే పోలుస్తాడు. గురి కనబడనిదే ఓటు వేయరాదు, గురి అందనప్పుడు ఓటును జేబులోనే ఉంచుకోవాలి అన్నది దాని సారాంశము. అంతవరకు విరుద్ధాలుగా నిలిపిన రెండింటిని ఇక్కడ ఒకటి చేశాడు. ఆయుధపు భాషలో చెప్పినది ఎన్నికల సంయమనమే.

విమర్శ

అహింసను నైతిక సూత్రముగా నమ్మిన కింగ్, మాల్కం ఎక్స్ వైఖరితో ఏకీభవించలేదు. ఓటు మార్గము విఫలమైనదని ఎప్పుడు, ఎవరు నిర్ణయించాలో ప్రసంగంలో స్పష్టత లేదు. ఈ అస్పష్టత హెచ్చరికకు బలము చేకూర్చినది. అదే సమయంలో ఆత్మరక్షణకు ఆయన గీసిన హద్దులను పలువురు గమనించకుండా చేసినది.

అనంతర పరిణామాలు

ఏప్రిల్ 13న మాల్కం ఎక్స్ మక్కా యాత్రకు బయలుదేరాడు. ఆ యాత్ర తరువాత తెల్లవారందరినీ ఒకే గాటన కట్టే ధోరణిని విడిచిపెట్టాడు. సెనేటులో చర్చకు జూన్ 10న 71-29 ఓట్లతో తెర పడినది. పౌరహక్కుల చట్టముపై జూలై 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకము చేశాడు.

1965 ఫిబ్రవరి 4న, కింగ్ జైలులో ఉండగా, మాల్కం ఎక్స్ అలబామా రాష్ట్రంలోని సెల్మాలో మాట్లాడాడు. తాను కింగ్ పనికి అడ్డు రాలేదని, రెండవ దారి ఏమిటో తెలిస్తే తెల్లవారు కింగ్ మాటను మరింత శ్రద్ధగా వింటారని ఆయన భార్య కోరెట్టాతో అన్నాడు. ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో మాల్కం ఎక్స్ హత్యకు గురయ్యాడు. ఓటు హక్కు చట్టము అదే సంవత్సరము ఆగస్టు 6న అమలులోకి వచ్చినది. 1967 నాటికి మిసిసిపీలో ఓటర్లుగా నమోదైన నల్లజాతివారు దాదాపు 60 శాతానికి చేరారు.