మెల్లీ పావురం

బంకమట్టికి అలవాటుపడ్డ చేతులు ఆమెవి. డ్రెస్డెన్ పక్కన లౌబెగాస్ట్‌లో 1886లో పుట్టిన మెల్లీ బేజె శిల్పి కావాలనుకుంది. జర్మనీ కళా విద్యాలయాలు ఆడపిల్లలకు తలుపు తెరవని రోజులవి. అందుకని స్వీడన్ వెళ్లి స్టాక్‌హోమ్‌లో శిల్పం నేర్చుకుంది. తిరిగొచ్చాక విమానాలు ఆమె మనసు లాగేసుకున్నాయి.

బెర్లిన్ దగ్గర యోహానిస్టాల్ మైదానంలో విమానం నడపడం నేర్పమని అడిగితే ఒకరి తర్వాత ఒకరు కాదన్నారు. చివరికి ఎలాగో అవకాశం దొరికితే, 1910 డిసెంబరులో విమానం కూలి కాలు విరిగింది. కాలు బాగయ్యాక మళ్లీ వచ్చింది. తోటి వైమానికులు ఓర్వలేకపోయారు. ఆమె విమానంలో పెట్రోలు తోడేశారు, స్పార్క్ ప్లగ్గుల జోలికి పోయారు. మనిషి ప్రాణం తీయగల పని అది. దాన్ని కుర్రచేష్టగా చెప్పుకోవడం నాకు మింగుడుపడదు. 1911 సెప్టెంబరు 13న, సరిగ్గా పాతికేళ్లు నిండిన రోజున, పరీక్ష నెగ్గింది. లైసెన్సు నంబరు 115. జర్మనీలో ఒక స్త్రీ చేతికి వచ్చిన మొదటి లైసెన్సు అదే. ఆ శరత్కాలపు పోటీల్లో రెండు గంటలకు పైగా గాలిలో నిలిచింది.

మరుసటి ఏడు సొంత స్కూలు పెట్టింది. ఫ్రెంచివాడైన షార్ల్ బుటార్‌తో కలిసి, అప్పట్లో పేరున్న ‘టౌబె’ విమానాన్ని మెరుగుపరిచి తన పేరుతో ఒకటి కట్టింది. టౌబె అంటే పావురం. ఆ రెక్కల వంపుల మీద శిల్పి వేళ్లు ఎంతసేపు ఆగి ఉంటాయో!

1913లో బుటార్‌ను పెళ్లాడింది. పరాయి దేశస్థుణ్ణి చేసుకున్న స్త్రీ తన పౌరసత్వం పోగొట్టుకోవాలన్నది ఆనాటి చట్టం. ఏడాది తిరిగేసరికి యుద్ధం. పుట్టిన నేల మీదే ఆమె శత్రుదేశపు మనిషి అయిపోయింది. భర్తను నిర్బంధించారు. ఆమెను విట్‌స్టాక్ అనే చిన్న ఊరికి పంపేశారు. స్కూలు పోయింది, విమానాలు పోయాయి.

యుద్ధం ముగిశాక పరిహారం కోసం కోర్టుకెక్కారు. రావాల్సిన సొమ్మును ద్రవ్యోల్బణం మింగేసింది. విమానంలో భూమిని చుట్టి రావాలన్న కల కాగితం దాటలేదు. భర్త దూరమయ్యాడు. మార్ఫిన్ దగ్గరైంది.

1925లో లైసెన్సు తిరిగి తెచ్చుకుందామని మళ్లీ విమానమెక్కింది. అది కూలింది. ఆ డిసెంబరులో, క్రిస్మస్‌కు కొద్ది రోజుల ముందు, బెర్లిన్‌లో తన ప్రాణం తనే తీసుకుంది. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. పదిహేనేళ్ల కిందట విరిగిన కాలు కూడగట్టుకుని మైదానానికి వచ్చిన మనిషి, ఈసారి రాలేదు.