చేపలతొట్టి: తండ్రి పాత్ర, కుమారుని మట్టి

కొత్తగా గాజుతొట్టి కొని తెచ్చి, ఇసుకను పలుమారులు కడిగి, తేటనీరు నింపి, అందులో ఎర్రచేపలను విడిచిన యిండ్లలో తరచుగా జరుగు కథ యొకటి కలదు. మొదటి రెండు దినములును చేపలు చలాకిగా తిరుగును. ఆపైన నీటి మీదికి వచ్చి నోళ్లు తెరచుచుండును. కొలది దినములకే ఒకటి రెండు వెల్లకిల తేలును. పిల్లలు కన్నీరు పెట్టుకొందురు. పెద్దలు అంగడివాడు రోగిష్ఠి చేపలను అంటగట్టినాడని నిందింతురు. ఇంత శుభ్రముగా నుంచితిమే, ఎట్లు చచ్చినవని మనకు ఆశ్చర్యము. తొట్టి మరీ కొత్తదై, మరీ శుభ్రమైనదై యుండుటయే యీ చేటునకు మూలమని తెలియుటకు లోకమునకు చాలకాలము పట్టెను. ఆ చరిత్రలో ఒక తండ్రియు, ఆయన కుమారుడును కనిపింతురు. వారిని గురించియే నేడు ముచ్చటింపదలచితిమి.

తండ్రికంటె ముందు ఇద్దరు స్త్రీలను స్మరింపవలెను. 1832లో సిసిలీ ద్వీపమందలి మెస్సీనా నగరమున, ఝాన్ విల్‌ప్రూ పవర్ అను ఫ్రెంచి వనిత సముద్రజీవులను బ్రతికియుండగనే పరిశీలించుటకై గాజుతొట్లు చేయించెను. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత సముద్రతీరమునుండి పగడపు జీవులను లండనుకు తెచ్చి పెంచెను. నీరు చెడకుండుటకై ఆమె యింటి పనిపిల్ల ప్రతిదినము తెరచిన కిటికీయొద్ద నిలిచి, ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పోయుచుండెడిది. నేడు విద్యుత్పంపు చేయు పనిని ఆనాడు ఆ పిల్ల చేతులు చేసినవి.

ఆ శ్రమ లేకుండ నీటిని నిలుపవచ్చునని చూపినవాడు రాబర్టు వారింగ్టన్. ఆయన లండనులో అపోతికరీల సంఘమున రసాయనశాస్త్రజ్ఞుడు. 1849లో సుమారు 12 గ్యాలన్లు, అనగా దాదాపు 54 లీటర్లు, పట్టు గాజుపాత్రలో ఇసుక, బురద, రాళ్లు అమర్చి, రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచెను. వెలుతురులో పచ్చని మొక్క ప్రాణవాయువును విడుచునని 1779 నాటికే ఇంగెన్‌హౌస్ చూపియుండెను. ఆ ప్రాణవాయువు చేపకు చాలునని వారింగ్టన్ ఆశ. కాని కొలదికాలమునకే ఆకులు కుళ్లి నీరు కలక బారెను. అప్పుడాయన చెరువునత్తలను తెచ్చి విడిచెను. నత్తలు కుళ్లిన ఆకులను, జిగురును తినివేసెను. వాని గ్రుడ్లు చేపలకు ఆహారమయ్యెను. నీరు తేరెను. ఈ సంగతిని ఆయన 1850లో రసాయనశాస్త్ర సంఘమునకు నివేదించెను.

పిమ్మట చేపలతొట్టి వేడుక వేగముగా వ్యాపించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు మత్స్యగృహము తెరువబడెను. మరుసటి యేట ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథముతో అక్వేరియం అను పేరు స్థిరపడెను. 1909లో మద్రాసు మెరీనా తీరమునను చేపల ప్రదర్శనశాల వెలసెను. ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకును మద్రాసే రాజధాని.

అయినను అసలు ప్రశ్న అట్లే నిలిచెను. మొక్కలుండి, గాలి యుండి కూడ కొత్త తొట్టిలో చేప యేల చచ్చును? ఇందుకు సమాధానము చేపలను పెంచువారినుండి రాలేదు. మురికినీటినుండియు, పొలముమట్టినుండియు వచ్చెను. 1877లో షోలెసింగ్, మ్యూన్ట్జ్ అను ఇరువురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, ఇసుక, సున్నపురాయి నింపిన పొడవైన గొట్టముగుండ మురికినీటిని మెల్లగా పారించిరి. ఇరువది దినములు ఏ మార్పును లేదు. పిమ్మట నీటిలోని అమ్మోనియా నైట్రేటుగా మారసాగెను. క్లోరోఫారము ఆవిరి తగులగనే ఆ మార్పు ఆగిపోయెను. మట్టి కడిగిన నీరు కొంచెము పోయగా కొంతకాలమునకు మరల ఆరంభమయ్యెను. కావున ఇది కేవల రసాయనక్రియ కాదు, ప్రాణుల పని యని తేలెను. ఆ ఇరువది దినముల నిరీక్షణమును జ్ఞాపకముంచుకొనుడు.

ఈ వార్త విని పరిశోధనకు పూనుకొన్నవాడు ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రమున పనిచేయుచుండిన రాబర్టు వారింగ్టన్. పేరు అదియే, ఈయన ఆ తండ్రి కుమారుడు. 1838లో జన్మించినవాడు కనుక, తండ్రి బంగారుచేపలను పాత్రలో విడుచునప్పటికి పదేండ్ల బాలుడు. మార్పు రెండంచెలుగా జరుగునని, అమ్మోనియా ముందు నైట్రైటై, పిమ్మట నైట్రేటగునని ఆయన చూపెను. ఆ జీవులను వేరుచేయ ఏండ్లతరబడి యత్నించియు సఫలుడు కాలేదు. 1890లో వినోగ్రాడ్‌స్కీ అను రష్యన్ శాస్త్రజ్ఞుడు, సేంద్రియాహారము లేని ద్రవమున వానిని పెంచి వేరుచేసెను. రెండు పనులను ఒక్కటే చేయగల సూక్ష్మజీవియు కలదని 2015లో కనుగొనిరి.

చేప అమ్మోనియాను ముఖ్యముగా మొప్పలద్వారా నీటిలోనికి విడుచును. మిగిలిన మేత కుళ్లినను అదియే పుట్టును. అది మొప్పలను కాల్చును. నైట్రైటు రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి లేకుండ చేయును. కనుకనే గాలి యున్నను చేప నోరు తెరచును. నైట్రేటు వీనియంత ప్రమాదకరము కాదు. పాత తొట్టిలో రాళ్లపైనను, వడపోత స్పంజిలోను ఈ సూక్ష్మజీవులు కోట్లుగా నివసించును. కొత్తదానిలో వానికి కుదురుకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టవచ్చును.

అందుచేత మొదట ఒకటి రెండు చిన్న చేపలనే విడువవలెను. రెండు మూడు నిమిషములలో తిని ముగించునంత మేతయే వేయవలెను; ఈ విషయమున పిల్లల దయయే చేపలకు పెద్ద గండము. వారమునకొకమారు నాల్గవవంతు నీటిని మార్చవలెనేగాని, తొట్టినంతయు దింపి తోమరాదు. కుళాయినీటిలోని క్లోరిను చేపకును, సూక్ష్మజీవులకును గూడ హానికరము గనుక, దానిని పోగొట్టిన పిమ్మటనే పోయవలెను. స్పంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను.

స్నేహితుల యింట ఆరోగ్యముగా నున్న పాత తొట్టి యున్నయెడల, అందలి గులకరాళ్లు పిడికెడు, కడుగక, తడియారనీయక తెచ్చి మన తొట్టిలో వేసినచో ఆ గడువు తగ్గును. 1849లో తండ్రి వారింగ్టన్ పాత్రలో వేసిన బురద, ఆయన యెరుగకయే, ఈ పనినే చేసియుండును.